కోనికా చెయ్యి, మినోల్టా కన్ను

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి బజార్లలో ఫోటో స్టూడియో, జిరాక్స్ సెంటర్ ఒకే షట్టర్ కింద ఉండటం మామూలు. ఒక మూల తెర, స్టూలు; ఇంకో మూల జిరాక్స్ మెషిన్. దరఖాస్తుకు పాస్‌పోర్ట్ సైజు ఫోటో కావాలి, ఆధార్ నకలూ కావాలి. వచ్చిన మనిషి ఇంకో దుకాణానికి పోవడం ఎందుకని స్టూడియో వాళ్లే లెక్క వేసుకున్నారు. 2016 అక్టోబర్ 11న ఈ మూడూ పాత వరంగల్ జిల్లా నుంచి విడివడి జిల్లా కేంద్రాలయ్యాక ఆ లెక్క ఇంకా బాగా కుదిరింది. 2023 డిసెంబర్ 28 నుంచి పది రోజులు తెలంగాణ ప్రభుత్వం పథకాల కోసం ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నప్పుడైతే రాష్ట్రమంతా జిరాక్స్ సెంటర్ల ముందు బారులు తీరారు.

జపాన్‌లో రెండు పెద్ద కంపెనీలు 2003లో వేసుకున్నదీ దాదాపు ఇదే లెక్క. కోనికా మూలాలు 1873 నాటివి. టోక్యోలో ఒక మందుల దుకాణంలో ఫోటో సామాను అమ్మకంతో మొదలైంది. తర్వాత ఫిల్ము, కెమెరాలు, 1971లో యూబిక్స్ కాపీ మెషిన్. మినోల్టాను 1928లో కజువో తాషిమా పెట్టాడు. కటకాల్లో ఆరితేరిన సంస్థ అది. కాపీ మెషిన్లూ చేసేది. డిజిటల్ కెమెరా వచ్చి ఫిల్ము గిరాకీ పడిపోతున్న రోజుల్లో ఇద్దరూ కలిసి కోనికా మినోల్టా అయ్యారు. మూడేళ్లు తిరగకుండానే, 2006 జనవరిలో, కెమెరాలూ ఫిల్మూ మానేస్తున్నామని ప్రకటించి ప్రధానంగా కాపీ, ప్రింటింగ్ మెషిన్ల మీద కూర్చున్నారు. పుట్టిన వృత్తినే వదులుకోవడానికి గుండె కావాలి. డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాల ఆస్తుల్లో కొన్ని సోనీకి వెళ్లాయి. ఇవాళ మన పెళ్లిళ్లలో ఫోటోగ్రాఫర్ల మెడలో కనిపించే సోనీ ఆల్ఫాకు ఆ పేరు మినోల్టా ఇంటి నుంచి వచ్చిందే. 1985లో ఆల్ఫా 7000 పేరుతో జపాన్‌లో ఆటోఫోకస్ కెమెరా తెచ్చింది వాళ్లే.

ఫిల్ము పోయినా దాని పనితనం పోలేదు. అది కాపీ మెషిన్ అక్షరాలు అచ్చేసే టోనర్ పొడిలో ఉంది.

పాత పద్ధతిలో ప్లాస్టిక్ రెజిన్‌ను రంగుతో కలిపి కరిగించి, గట్టిపడ్డాక దంచి టోనర్ చేసేవారు. దంచిన పొడి కంకరలాంటిది: ఒక రేణువు పెద్దది, ఒకటి చిన్నది, అంచులు మొనదేలి ఉంటాయి. కోనికా వాళ్లు పొడిని దంచడం మాని, పెంచడం మొదలుపెట్టారు. నీళ్లలో అతి సన్నని ప్లాస్టిక్ రేణువులను తయారుచేసి, రంగుతో కలిపి, అవి ఒకదానికొకటి అంటుకుంటూ ఎదుగుతుంటే వేడినీ రసాయనాలనూ అదుపులో పెట్టి, ఆరేడు మైక్రాన్ల దగ్గర ఆపేస్తారు. వెంట్రుక మందంలో దాదాపు పదో వంతే అది. ఫిల్ము కోసం వెండి లవణాల స్ఫటికాలను జిలటిన్‌లో ఒకే తీరున పెంచడం వాళ్లకు తరాల విద్య. ఆ చెయ్యే ఇక్కడ పనికొచ్చింది. రేణువులోనే మైనం కలిసి ఉంటుంది కాబట్టి వేడి రోలర్‌కు అంటుకోదు, రోలర్‌కు నూనె పూయాల్సిన అవసరం తప్పింది. తక్కువ వేడికే కరుగుతుంది, కరెంటూ ఆదా.

దీని విలువ తెలుగు అక్షరం దగ్గర తెలుస్తుంది. ఇంగ్లిష్ అక్షరం నాసి టోనర్‌నైనా తట్టుకుంటుంది. మనకు వత్తులు, సున్నలు, మెలికలు. నకలుకు నకలు తీస్తూ పోతే ‘ధ’ కింది గీత మాయమై ‘ద’ అవుతుంది, ‘ష్ట్ర’ మసి ముద్దవుతుంది. పట్టాదారు పాసుబుక్కు నకల్లో పేరు అలా మారితే ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది రైతే. రేణువు సన్నగా, ఒకే సైజులో ఉంటే వత్తు వత్తులాగే నిలుస్తుంది.

ఇక మినోల్టా కన్ను, అంటే కటకాల పనితనం. గాజు కింద దీపం జరుగుతుంటే అద్దాల మీదుగా కటకంలోకి వెలుగు పోతుంది, సెన్సర్ చదువుతుంది. గిర్రున తిరిగే పలకల అద్దం లేజర్‌ను డ్రమ్ము మీద గీతలు గీతలుగా పరుస్తుంది. డ్రమ్ము వెలుగు తగిలితే స్పందించే వస్తువు, ఒకరకంగా ఫిల్ముకు దాయాది. అందుకే తెలిసిన మెకానిక్ డ్రమ్ము బయటికి తీయగానే నల్లగుడ్డో దినపత్రికో కప్పేస్తాడు. డార్క్‌రూమ్ అలవాటే అది.

మెషిన్ ఎంత గొప్పదైనా సగం పని ఆపరేటర్‌దే. వానాకాలం కాగితం చెమ్మ పట్టి ఇరుక్కుంటుంది. రీము విప్పగానే అంచులు రెపరెపలాడించి ట్రేలో పెడతాడు. “అన్నా, ముంగట ఎనక ఒక్క కాయితం మీదనే తియ్యి” అంటే కార్డును గాజు మీద పై భాగంలో పెట్టి ఒకసారి, తిప్పి కింది భాగంలో పెట్టి ఇంకోసారి తీస్తాడు, గీత పెట్టినట్టు. కొత్త మెషిన్లలో దీనికో బటనే ఉంది కానీ, పాతవాళ్లు బటన్ కన్నా చేతినే నమ్ముతారు. నాకూ ఆ చేతి మీదే నమ్మకం.

ఇలాంటి పొత్తు అందరికీ కుదరలేదు. ఫూజీ ఫిల్ము, జిరాక్స్ 1962 నుంచి ఫూజీ జిరాక్స్ అని ఉమ్మడి కంపెనీ నడిపాయి. 2018 జనవరిలో జిరాక్స్‌నే ఫూజీ చేతికి తెచ్చే ఒప్పందం ప్రకటించారు. పెద్ద వాటాదారులు అడ్డం తిరగడంతో మే నెలకల్లా రద్దయింది. 2019లో ఫూజీ 230 కోట్ల డాలర్లకు ఆ ఉమ్మడి కంపెనీలో జిరాక్స్ వాటా కొనేసింది. 2021లో బోర్డు మీద జిరాక్స్ పేరూ పోయింది. తమాషా ఏమిటంటే, జిరాక్స్ కూడా పుట్టుకతో ఫోటో కాగితం కంపెనీయే: 1906లో అమెరికాలోని రోచెస్టర్‌లో పెట్టిన హాలాయిడ్.

చివరగా పనికొచ్చే మాట ఒకటి. పాసుబుక్కుకో, ఫోటో ఉన్న మరే కాగితానికో నకలు తీయిస్తుంటే ‘టెక్స్ట్’ మోడ్ వద్దని, ‘టెక్స్ట్ ఫోటో’ మోడ్‌లో పెట్టమని అడగండి. మొదటిదాంట్లో ముఖం నల్లమచ్చ అవుతుంది. రెండోదాంట్లో నీడలు చుక్కలుగా విడిపోయి ముఖం పోల్చుకునేలా వస్తుంది. ధర మాత్రం అంతే.