కుదిరిన బేరానికి పూచీ ఎవరిది?

జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 1990 మార్చిలో జరిపిన ఆరవ సమావేశంలో ఒక ముఖ్యమైన తీర్మానం చేసింది. దాని సంఖ్య 52. కొనేవాడు ఒక ఊళ్ళో, అమ్మేవాడు మరో ఊళ్ళో ఉండి, ఆధునిక సాధనాల ద్వారా బేరమాడుకుంటే ఆ ఒప్పందం షరీఅతు దృష్టిలో చెల్లుతుందా అన్నదే అందులోని ప్రశ్న. టెలెక్సు, ఫ్యాక్సు, కంప్యూటరు తెర, వీటిలో దేని ద్వారానైనా ప్రతిపాదన ఎదుటివానికి అంది, అతడు దానిని అంగీకరిస్తే ఒప్పందం కుదిరినట్లేనని అకాడమీ తేల్చింది. సాక్షులు ఉండాలి గనుక నికాహ్‌ను, చేతికి చేయి ఇచ్చిపుచ్చుకోవాలి గనుక నాణేల మారకాన్ని, మూల్యం ముందే చెల్లించాలి గనుక సలమ్ వర్తకాన్ని ఈ సూత్రం నుండి మినహాయించింది. ఫోర్జరీ, పొరపాటు వంటివి సంభవిస్తే సాక్ష్యానికి సంబంధించిన సాధారణ నియమాలే వర్తిస్తాయని క్లుప్తంగా చెప్పి ముగించింది.

ఆన్‌లైన్ వర్తకం గురించి ధర్మదృష్టితో వ్రాసేవారిలో చాలామంది నేటికీ ఈ తీర్మానం దగ్గరే మొదలుపెట్టి, దాని దగ్గరే ఆగిపోతున్నారు. తీర్మానంలో తప్పు లేదు. ఫ్యాక్సు యంత్రమే కొత్తగా ఉన్న రోజులలో అది అడగవలసిన ప్రశ్ననే అడిగింది. అయితే ఆ ప్రశ్నకు జవాబు దొరికి మూడు దశాబ్దాలు దాటింది. ఈనాడు కొనుగోలుదారుని వేధిస్తున్నది, కుదిరిన బేరం చెడితే జవాబు చెప్పవలసినవాడు ఎవడన్న ప్రశ్న.

కర్నూలులో ఒక గృహిణి సెల్‌ఫోను తెర మీద పట్టుచీర చూసి డబ్బు కట్టిందనుకుందాం. బొమ్మలో మెరిసిన జరీ ఇంటికి వచ్చిన చీరలో లేదు. అమ్మినవాడు ఎక్కడో సూరత్‌లో ఉన్నాడు. సొమ్ము పుచ్చుకున్నది మాత్రం వెబ్‌సైటు నడిపే కంపెనీ. చీరను గిడ్డంగిలో ఉంచినది, మూట కట్టి పంపినది కూడా ఆ కంపెనీయే. ఫిర్యాదు చేస్తే, తాను కేవలం మధ్యవర్తినని అంటుంది.

52వ తీర్మానం ఆధారంగా వ్రాసిన వ్యాసం ఆమెకు ఒప్పందం చెల్లుతుందని చెబుతుంది. ఆమెకు కావలసినది అది కాదు గదా! ఆమెకు కావలసినది హనఫీ ధర్మశాస్త్ర గ్రంథాలలో ఎప్పటినుంచో ఉంది. చూడకుండా కొన్నవాడికి, చూసిన తరువాత వస్తువును ఉంచుకోవడానికో తిప్పి పంపడానికో హక్కు ఉంటుంది. దీనిని ఖియారె రూయత్ అంటారు. వస్తువులో లోపం లేకపోయినా ఈ హక్కు ఉంటుంది. అంతకన్నా గమనించదగిన సంగతి మరొకటుంది. వస్తువును చూడకముందే తనకు ఆ హక్కు అక్కరలేదని కొనుగోలుదారు ఒప్పుకున్నా ఆ ఒప్పుకోలు చెల్లదు. హక్కు పుట్టేదే చూపుతో గనుక, పుట్టని హక్కును వదులుకోవడం కుదరదు. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని చిన్న అక్షరాలతో వ్రాసి, దాని ప్రక్కన ముందే టిక్కు పెట్టించుకునే పద్ధతికి ఈ మాట సూటిగా తగులుతుంది.

గిడ్డంగిలోని వెయ్యి చీరలలో ఏది వస్తుందో తెలియనప్పుడు అది నిర్దిష్టమైన వస్తువు కాదు, కనుక ఈ నియమం వర్తించదని ఆక్షేపించేవారు ఉండవచ్చు. ఉండనీ. అప్పుడది మాదిరి చూపి అమ్మిన సరుకవుతుంది. మాదిరికి సరిపోని సరుకును తిరస్కరించే హక్కును 19వ శతాబ్దపు ఉస్మానీ న్యాయస్మృతి మజల్లా కూడా కొనుగోలుదారుకే ఇచ్చింది.

మన దేశపు చట్టంతో పోల్చి చూస్తే విషయం మరింత స్పష్టపడుతుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం క్రింద 2020 జూలైలో ఇ-కామర్సు నిబంధనలు వచ్చాయి. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలియజేయాలి, నెల రోజులలో పరిష్కరించాలి. సరుకు లోపభూయిష్టమైనా, ప్రకటనకు భిన్నంగా ఉన్నా అమ్మకందారు వాపసు తీసుకోనని అనరాదు. ఇది ఖియారె ఐబ్‌కు, అంటే లోపం కారణంగా తిప్పి పంపే హక్కుకు దగ్గరగా ఉంది. కారణం చెప్పకుండానే తిప్పి పంపే హక్కు ఈ నిబంధనలలో లేదు. ఐరోపా దేశాలు 2011 నాటి ఆదేశంతో అందుకు 14 రోజుల గడువు ఇచ్చాయి. ఖియారె రూయత్‌కు పోలికైనది మన చట్టంలో కన్నా అక్కడ కనబడడం ఆలోచించదగ్గ విషయం.

ఇక కంపెనీ సంగతి. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టపు 79వ సెక్షను మధ్యవర్తికి కొన్ని షరతులతో రక్షణ ఇస్తుంది. అమ్మకందారు చేయి ఎత్తేస్తే కంపెనీయే బాధ్యత వహించాలన్న ప్రతిపాదన 2021 జూన్ నాటి సవరణ ముసాయిదాలో కనబడింది. ఈ వివాదంలో ఫిఖహ్‌కు చెప్పడానికి చాలా ఉంది. తెలుగులో వకీలంటే ప్లీడరే గాని, ఫిఖహ్‌లో వకీల్ అంటే ఒకరి తరఫున పని జరిపేవాడు. వకీల్ బేరాన్ని తన పేరుతోనే జరిపితే, సొమ్ము, అప్పగింత, లోపానికి వాపసు, ఇవన్నీ అతడి మెడకే చుట్టుకుంటాయని హనఫీ మతం. ఇద్దరినీ కలిపి ప్రక్కకు తప్పుకునే దళారికి ఆ భారం లేదు. సొమ్ము పుచ్చుకుని, సరుకు దాచి, మూట కట్టి, రశీదు ఇచ్చిన కంపెనీ ఏ విధంగా దళారి అవుతుంది?

సరుకు దారిలో పాడైతే దానికీ నజీరు ఉంది. చాకలి, దర్జీ వంటి పదిమందికి పనిచేసే వృత్తివారి చేతిలో వస్తువు పోతే, వారి నిర్లక్ష్యం లేనిదే బాధ్యత లేదన్నారు ఇమామ్ అబూ హనీఫా (రహ్మ). ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ (రహ్మ) ఒప్పుకోలేదు. తప్పించుకోలేని పెద్ద అగ్నిప్రమాదం వంటిదైతే తప్ప వారే నష్టం భరించాలన్నారు. వృత్తివారిని జవాబుదారులను చేయకపోతే జనం వ్యవహారం చక్కబడదన్న భావం గల తీర్పు హజ్రత్ అలీ (రజి) పేరిట ఉల్లేఖించబడింది. కాలం మారి, నమ్మకం సడలినప్పుడు పూచీ బరువును పండితులు బలవంతుని వైపు జరిపారన్నమాట. ఉర్దూలో అందరికీ తెలిసిన ‘జమానత్’ ఈ దమాన్ ప్రకరణం నుండే వచ్చింది. ఆన్‌లైన్ వ్యాసాలలో మాత్రం ఆ ప్రకరణమే కనబడదు.

ధాన్యపు రాశిలో చేయి పెట్టి, లోపలి తడిని దైవప్రవక్త (స) బయటపెట్టిన హదీసును అందరూ ఎరుగుదురు. వాన తడిపిందని వర్తకుడు చెప్పుకున్నాడు. ఆ తడిని పైన ఎందుకు పెట్టలేదన్నదే ఆయన ప్రశ్న. తెర మీద ఏ సరుకు పైన కనబడాలో, ఏది అడుగున పడాలో నిర్ణయించేది నేడు వెబ్‌సైటు కంపెనీయే.

పర్యావరణ హితమని పేరు పెట్టుకున్న బ్యాంకింగులోనూ ఇదే తంతు. 2017లో మలేషియాలో సౌరవిద్యుత్తు కోసం మొదటి గ్రీన్ సుకూక్, 2018లో ఇండోనేషియా ప్రభుత్వం 125 కోట్ల డాలర్ల గ్రీన్ సుకూక్ వెలువడ్డాయి. హర్షించదగినవే. కాని సొమ్ము చెప్పిన పనికి వాడకపోతే శిక్ష ఏమిటో ఇటువంటి పత్రాలు సాధారణంగా గట్టిగా చెప్పవు. చెల్లుబాటు చర్చ ఎంత దూరం పోగలదో 2017లో షార్జాకు చెందిన దానా గ్యాస్ కంపెనీ చూపించింది. తానే జారీ చేసిన 70 కోట్ల డాలర్ల సుకూక్ షరీఅతుకు సరిపడదని ప్రకటించి చెల్లింపులు నిలిపివేసింది. ఆ ఏడాది నవంబరులో లండన్ హైకోర్టు, సుకూక్‌ను తిరిగి కొంటానని కంపెనీ వ్రాసి ఇచ్చిన హామీ చెల్లుతుందని తీర్పు చెప్పింది. హలాల్ హరామ్ చర్చ ఋణగ్రస్తునికి తప్పించుకునే త్రోవగా మారడం కన్నా విచారకరమైనది ఏముంటుంది?

ఈ విచారం హైదరాబాదుకు పరాయిది కాదు. 2018, 2019 సంవత్సరాలలో ఇక్కడా, బెంగుళూరులోనూ హలాల్ లాభం పేరిట డబ్బు సేకరించిన సంస్థలు కూలిపోయి, వేలాది కుటుంబాల కూడబెట్టిన సొమ్ము చిక్కుకుంది. వడ్డీ లేదు గదా అని అడిగినవారు, లెక్కలు ఎవరు తనిఖీ చేస్తారని అడగలేదు. అడగమని వారికి ఎవరూ చెప్పలేదు కూడా. క్రమబద్ధం కాని డిపాజిట్ల సేకరణను నిషేధించి, అటువంటి సంస్థల ఆస్తులు జప్తు చేసి మదుపుదారులకు చెల్లించే ఏర్పాటు గల చట్టం 2019లోనే వచ్చింది. ముదారబా షరతుల మీద పుటలకు పుటలు నింపే రచనలలో ఈ చట్టానికీ, దమాన్ ప్రకరణానికీ చెరొక పుటైనా కేటాయించవలసి ఉంది.