పెళ్ళి చట్టమూ, కార్మికుడి గదీ

స్వలింగ వివాహాలపై 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును న్యాయశాస్త్ర పత్రంగానే కాక ఒక సాంఘిక రచనగా కూడా చదవవలసి ఉంది. కేసులో ముందు నిలిచినవారు హైదరాబాదుకు చెందిన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్. తమ పెళ్ళిని 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద గుర్తించమని వారడిగారు. పెళ్ళి చేసుకునే ప్రాథమిక హక్కు రాజ్యాంగంలో లేదని అయిదుగురు న్యాయమూర్తులూ అన్నారు. సహజీవన బంధాన్నయినా ప్రభుత్వం గుర్తించాలన్న ఇద్దరి అభిప్రాయం ముగ్గురి మెజారిటీ ముందు వీగిపోయింది. 2025 జనవరిలో పునఃపరిశీలన పిటిషన్లను కూడా కొట్టివేశారు.

ఈ దేశంలో స్వలింగ వివాహాన్ని నేరమనే చట్టం లేదు. 377వ సెక్షన్ పీడ 2018లోనే చాలావరకు విరగడయింది. అయినా గుర్తింపు నిరాకరించడమే ఇక్కడ నిషేధం చేయవలసిన పని అంతా చేస్తున్నది.

కోర్టులో కేంద్ర ప్రభుత్వం ఒక వాదం తెచ్చింది: ఇది పట్టణాల ఉన్నతవర్గాల భావన మాత్రమేనట! పేదల పేరు చెప్పి పేదల నోరు నొక్కే పాత విద్య ఇది. హిజ్రాలను పట్టికల్లోకి ఎక్కించి నిఘా పెట్టడానికి నిజాం ప్రభుత్వం 1919లోనే చట్టం చేసింది. తెలంగాణ హైకోర్టు దాన్ని 2023 జులైలో కొట్టివేసింది. ఆ పట్టికల కోసం వెతికిన మనుషుల్లో ఉన్నతవర్గం ఎవరు?

అమీన్‌పూర్‌లో ఒక గదికి నలుగురు చొప్పున అద్దెకుండి, పటాన్‌చెరు, పాశమైలారం కర్మాగారాల్లో షిఫ్టులకు పోయే కార్మికులను తలచుకోండి. వారిలో ఇద్దరు ఒకరికొకరై బతుకుతున్నారనుకుందాం. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి కర్మాగారం పేలి నలభై మందికి పైగా మరణించారు. అలాంటి రోజున శవాన్ని అప్పగించమని అడిగే హక్కు ఎవరిది? పరిహారం ఎవరిది? ఆధారపడినవారెవరో 1923 నాటి కార్మిక పరిహార చట్టం వరస కట్టి చెప్పింది: భార్య, పిల్లలు, తల్లి. 2020 సామాజిక భద్రతా కోడ్ కూడా ఆ వరసలో స్వలింగ సహచరుడికి చోటివ్వలేదు. ఆస్తిపరుడు వీలునామా రాసుకుంటాడు, ఇద్దరి పేర ఫ్లాటు కొంటాడు, లాయరును పెట్టుకుంటాడు. కూలివాడికి చట్టం రాసిన వరస తప్ప వేరే వీలునామా లేదు. కనుక ఈ హక్కు ఉన్నవాడికంటే లేనివాడికే ఎక్కువ అవసరం.

2024లో కేంద్రం రేషన్ కార్డు విషయంలో ఇలాంటి జంటలను ఒకే కుటుంబంగా లెక్కించమని రాష్ట్రాలకు చెప్పింది. పొయ్యి ఒక్కటేనని ఒప్పుకున్నవారు ఇల్లు ఒక్కటని ఒప్పుకోరు!

సమాజం సిద్ధంగా లేదన్నది మరో వాదం. వితంతు వివాహ చట్టం 1856లో వచ్చింది. వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. పాతికేళ్ళ తర్వాత కూడా సమాజం సిద్ధంగా లేదు. ఆయనకు తోడుగా నిలిచినది ఆ చట్టమే.

మన శిబిరంలోనూ రెండు సందేహాలున్నాయి. ఇది బూర్జువా వికృతి అని కొందరంటారు. విప్లవానంతరం 1922లో రష్యా శిక్షాస్మృతి స్వలింగ సంబంధాన్ని నేరాల జాబితాలో చేర్చలేదు; 1934లో దాన్ని మళ్ళీ నేరం చేశారు. ఈ రెండింటిలో ఏది విప్లవమో, ఏది వెనకడుగో అభ్యుదయవాదులు తేల్చుకోవాలి. పెళ్ళి ఆస్తి వ్యవస్థలో భాగం గదా, దానికోసం పోరాటమెందుకని మరికొందరంటారు. పురోహితుడు లేని దండల పెళ్ళిళ్ళు మనం జరిపించాం, రిజిస్టరు చేయించాం. అది ఆస్తికి మొక్కడమని ఎవరూ అనలేదు. కులాంతర జంటకు ఆసరా అయిన ఆ 1954 చట్టాన్నే ఈ ఇద్దరూ అడిగారు.

కన్యాశుల్కం, వితంతు వివాహం, కులాంతర వివాహం వీటన్నిటిపై తెలుగు రచయిత మాట్లాడాడు. ఈ గది తలుపు దగ్గర మాత్రం ఎక్కువగా మౌనం వహించాడు. ఆ మౌనం కూడా మెజారిటీ తీర్పే. దాన్ని తిరగరాయడానికి పార్లమెంటు కోసం ఎదురుచూడనక్కరలేదు.