మెట్టు కింద పనితనం

డిజిటల్ పియానో కొనడానికి వెళ్తే షాపులో ముందు శబ్దమే వినిపిస్తారు. గ్రాండ్ పియానో, ఆర్గన్, వయొలిన్ అంటూ ఒక్కో టోనూ మారుస్తుంటారు. మనమూ అదే విని మురిసిపోతాం. నన్నడిగితే ముందు చూడాల్సింది మెట్లు. మిడి, అంటే వాయిద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకునే భాష, ఉన్న వాయిద్యానికి శబ్దాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. కంప్యూటర్‌కు కలిపి, పియానోటెక్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో వేరే పియానో గొంతు తెచ్చుకోవచ్చు. మెట్లు అలా కాదు, కొన్ననాడు ఎలా ఉంటే అవే చివరిదాకా. రోలాండ్ ఎఫ్‌పీ-30ఎక్స్ నాకు నచ్చింది ఆ మెట్ల పనితనం వల్లే.

2021లో వచ్చిన మోడల్ ఇది. స్టాండు కాకుండా బరువు 15 కిలోలకు కాస్త తక్కువ, మెట్లు 88. నొక్కినప్పుడు లోపల సుత్తి లాంటి ఓ బరువు లేస్తుంది. వదలగానే ఆ బరువు కిందికి దిగి మెట్టును పైకి తెస్తుంది. మంద్రంలో మెట్లు బరువుగా ఉంటాయి, తారానికి పోయేకొద్దీ తేలికవుతాయి. పైభాగం నిగనిగలాడదు, ఏనుగు దంతాన్ని తలపించే సన్నని గరుకు ఉంటుంది. వేళ్లకు చెమట పట్టినా జారవు. విజయవాడ ఎండల్లో సాధన చేసే పిల్లలకు దాని విలువ తెలుస్తుంది.

ఒక మెట్టును బాగా నెమ్మదిగా నొక్కి చూడండి. అడుగుకు చేరబోతుండగా వేలికి ఓ చిన్న అడ్డు తగులుతుంది. అసలు పియానోలో సుత్తి మెట్టు పట్టు విడిపించుకుని తీగ వైపు ఎగిరేది ఆ దగ్గరే. ఇక్కడ తీగా లేదు, విడిపించుకోవాల్సిన సుత్తీ లేదు. అయినా ఆ స్పర్శను పనిగట్టుకుని పెట్టారు. మెల్లగా వాయించేటప్పుడు వేలు దారి పోల్చుకునేది దాంతోనే. శబ్దానికి ఏమాత్రం అక్కర్లేని చోట వేలి కోసం పడిన ఈ శ్రద్ధ నాకు అన్నిటికన్నా ఇష్టం.

ఇక సెన్సర్లు. మనం ఎంత గట్టిగా నొక్కామో డిజిటల్ పియానో కొలవదు, అది కొలిచేది కాలాన్ని. మెట్టు దిగుతూ ఒక సెన్సర్‌ను, ఆ తర్వాత ఇంకోదాన్ని దాటుతుంది. ఆ రెంటి మధ్య గడిచిన మిల్లీసెకన్లను బట్టి స్వరం ఎంత బిగ్గరగా పలకాలో తేలుతుంది. చౌక రకాల్లో ఈ రెండే ఉంటాయి. వాటిలో మెట్టు దాదాపు పూర్తిగా పైకి లేస్తేగానీ అదే స్వరం మళ్లీ పలకదు. వేగంగా ఒకే స్వరాన్ని మోగించబోతే మధ్యలో కొన్ని ఎగిరిపోతాయి. ఎఫ్‌పీ-30ఎక్స్‌లో మూడో సెన్సర్ ఉంది కాబట్టి సగం లేచిన మెట్టును నొక్కినా పలుకుతుంది. తీగల పియానోకు ఈ వెసులుబాటు తెచ్చింది ఎరార్ సంస్థ, 1821లో పేటెంట్ పొందిన డబుల్ ఎస్కేప్‌మెంట్‌తో.

అలా కొలిచిన వేగమే మిడిగా బయటికి వస్తుంది. నడిమి 'సి' మెట్టు నొక్కితే వెళ్లేది మూడే అంకెలు: 144, 60, 80. మొదటిది మొదటి చానల్‌లో స్వరం మొదలైందని చెబుతుంది. రెండోది ఏ స్వరమో, మూడోది ఎంత వేగంతో నొక్కామో చెబుతాయి. ఆ మూడోది 127 దాకా పోవచ్చు. మిడి అసలు వేగం సెకనుకు 31,250 బిట్లు. అంత తక్కువ వేగంలోనూ ఈ కబురు మిల్లీసెకను లోపే చేరిపోతుంది. 1983 జనవరిలో, కాలిఫోర్నియాలో జరిగిన నామ్ వాయిద్యాల ప్రదర్శనలో, సీక్వెన్షియల్ సర్క్యూట్స్ వారి ప్రాఫెట్-600ను, రోలాండ్ జూపిటర్-6ను మిడితో కలిపి చూపించారు. పోటీ కంపెనీల వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకున్నాయి. ఆ పనికి రోలాండ్ స్థాపకుడు ఇకుతారో కకెహాషికీ, సీక్వెన్షియల్ స్థాపకుడు డేవ్ స్మిత్‌కీ 2013లో టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. ఆనాటి ఆ మూడంకెల కబురు నేటి లాప్‌టాప్‌కూ అర్థమవుతుంది.

పాత సింథసైజర్లు ఇంట్లో ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి. ఐదు పిన్నుల గుండ్రటి మిడి సాకెట్ దీనికి లేదు, యూఎస్‌బీ, బ్లూటూత్ మాత్రమే ఉన్నాయి. రికార్డింగ్‌కు యూఎస్‌బీ వైరే వాడండి, బ్లూటూత్‌లో కాస్త ఆలస్యం ఉంటుంది. సాఫ్ట్‌వేర్ పియానో వాయించేటప్పుడు లోకల్ కంట్రోల్‌ను, అంటే మెట్లు పియానో సొంత శబ్దాన్ని పలికించే ఏర్పాటును, ఆపకపోతే రెండు శబ్దాలూ కలిసి వినిపిస్తాయి.

దీనితో వచ్చే పెడల్ నాకు నచ్చలేదు. అది ఉత్త స్విచ్చు, నొక్కితే ఆన్, వదిలితే ఆఫ్. మిడిలో పెడల్‌కూ సున్నా నుంచి 127 దాకా మెట్టుమెట్టుగా చెప్పే వీలుంది. ఇంత మంచి మెట్లకు ఆ పెడల్ తగదు, రోలాండ్ డీపీ-10 పెడల్ విడిగా కొనుక్కుంటే సగం పెడల్ కూడా పలుకుతుంది. పిచ్ బెండ్ చక్రం లేదు కనుక గమకాల కోసం కొనేవారికి ఇది పనికిరాదు. అలాంటివారికి సింథసైజరే సరి.

ఇదే మోడల్ కొనమని నేననను. ఏది కొన్నా షాపులో ముందు వాల్యూమ్ పూర్తిగా తగ్గించి కాసేపు వాయించండి. నెమ్మదిగా నొక్కి చూడండి. శబ్దం లేకుండానే వేళ్లకు నచ్చిన పియానోకు, అప్పుడు వాల్యూమ్ పెంచి, ఒకే మెట్టును సగం లేపి మళ్లీ నొక్కి వినండి.