రెండో రన్ ఏం చెబుతుంది

కొత్త సర్వర్లను రాక్‌లో బిగించి కేబుళ్లు పెట్టాక, ఒక్కొక్క దాని ముందు కీబోర్డుతో కూర్చునే రోజులు పోయాయి. ఖాళీ డిస్కుతో లేచిన మిషన్, నెట్‌వర్క్ నుంచే బూట్ చేయించే పీఎక్స్ఈ (నెట్‌వర్క్ కార్డులోనే ఉంటుంది) సాయంతో ఐపీ అడ్రస్ కోసం కేకేస్తుంది. డీహెచ్‌సీపీ సర్వర్ అడ్రస్‌తో పాటు బూట్ ఫైలు ఎక్కడుందో కూడా చెబుతుంది. టీఎఫ్‌టీపీ మీద ఆ ఫైలు దిగుతుంది, దాని వెనకే కెర్నెల్, ఇన్‌స్టాలర్. డిస్కును ఎలా విడగొట్టాలి, ఏ ప్యాకేజీలు వేయాలి వంటి ప్రశ్నలకు జవాబులు రెడ్ హ్యాట్‌లో కిక్‌స్టార్ట్ ఫైల్లో, డెబియన్‌లో ప్రీసీడ్ ఫైల్లో ముందే రాసి ఉంటాయి.

ఇది తేలిక భాగం. ఆ మిషన్లను ఏళ్ల తరబడి ఒకేలా ఉంచడమే అసలు పని. అర్ధరాత్రి సైట్ ఆగిపోతే ఎవరో లాగిన్ అయి ఒక సెట్టింగ్ మారుస్తారు. మంచికే మారుస్తారు, కానీ ఎక్కడా రాయరు. కొన్నాళ్లకి, కవలల్లా పుట్టిన సర్వర్లలో ఏ రెండూ ఒకేలా ఉండవు.

ఆస్లో విశ్వవిద్యాలయంలో మార్క్ బర్జెస్ 1993లో సీఎఫ్‌ఇంజిన్ మొదలుపెట్టింది రకరకాల యూనిక్స్ మిషన్లను దారిలో పెట్టడానికే. తర్వాత అదే పనికి 2005లో పప్పెట్, 2009లో షెఫ్, 2012లో ఆన్సిబుల్ వచ్చాయి. నేను వాడేది ఆన్సిబుల్. సర్వర్ మీద ప్రత్యేకంగా ఏజెంట్ పెట్టక్కర్లేదు. మామూలుగా ఎస్ఎస్‌హెచ్, పైథాన్ ఉంటే చాలు.

‘ఈ లైను చేర్చు’ అని షెల్ స్క్రిప్ట్ రాస్తే, రెండోసారి నడిపినప్పుడు ఆ లైను రెండోసారి పడుతుంది. ‘ఈ లైను ఉండాలి’ అని ప్లేబుక్‌లో, అంటే ఆన్సిబుల్ చదివే ఫైల్లో, రాస్తే, ఆ లైను ఇప్పటికే ఉందేమో ఆన్సిబుల్ ముందు చూసుకుంటుంది. అందుకే నేను మొదటి రన్‌ని అంతగా పట్టించుకోను. వెంటనే మళ్లీ నడిపిస్తాను. చివర్లో ‘ఛేంజ్‌డ్’ పక్కన అన్ని సర్వర్లకీ సున్నా కనిపిస్తేనే ఆ ప్లేబుక్‌ని నమ్ముతాను.

అయితే తప్పు రాస్తే అది కూడా అంతే వేగంగా అన్ని సర్వర్లకీ పాకుతుంది. కాబట్టి ముందు, ఏమీ మార్చకుండా ఏం మారుతుందో మాత్రమే చూపే చెక్ మోడ్, తర్వాత ఒక్క సర్వర్, ఆ తర్వాతే మిగతావి. ఈ వరస విషయంలో మా టీమ్‌లో ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

ఇంకొకటి కూడా పట్టుబట్టి అలవాటు చేస్తున్నాను. డేటా వేరే చోట భద్రంగా ఉందంటే, బాగున్న సర్వర్‌నే అప్పుడప్పుడు తుడిచేసి మొదట్నుంచీ కట్టిస్తాను. ఎవరి చేతి మార్పు ప్లేబుక్‌లోకి ఎక్కలేదో అప్పుడే, పనివేళల్లోనే, తేలిపోతుంది.