నిండు నిమిషం

హైదరాబాద్‌లో దబీర్‌పురా దర్వాజా దాటి కాస్త ముందుకెళితే పురానీ హవేలీ. ఏడో నిజాం పెద్ద కోడలు దుర్రు షెహవార్ పేరిట పిల్లల ఆస్పత్రి ఉన్నది అక్కడే. నర్సింగ్‌లో అక్యూట్ కేర్ అనగానే చాలామందికి ఐసీయూ, గొట్టాలు, కూతపెట్టే యంత్రాలు గుర్తొస్తాయి. కానీ గంటలో పరిస్థితి తారుమారయ్యే బిడ్డ ఏ వార్డులో ఉన్నా, ఆ బిడ్డకు చేసేది అక్యూట్ కేరే.

ఆ ఆస్పత్రిలో ఎనిమిది నెలల పాప అనుకుందాం. రెండు రోజులుగా దగ్గు. "దూద్ నై పీరీ సిస్టర్" అంటుంది తల్లి, పాలు తాగట్లేదని. సిస్టర్ పాపను ఒడిలోంచి తీయదు. ఏడుపు సద్దుమణిగాక గౌను పైకెత్తి, గడియారం చూస్తూ నిండు నిమిషం ఊపిరి లెక్కపెడుతుంది. పావు నిమిషం లెక్కించి నాలుగుతో హెచ్చవేస్తే కుదరదు. చంటిపిల్లల ఊపిరి కాసేపు గబగబా, కాసేపు ఆగి ఆగి నడుస్తుంది. రెండు నెలలు దాటి ఏడాది నిండని బిడ్డకు నిమిషానికి 50, ఆపైన ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అది వేగపు ఊపిరి. ఈ పాపకు 58. మన ఇళ్లలో డొక్కలెగరేయడం అంటామే, దాన్నీ ఆ నిమిషంలోనే పట్టుకుంటుంది: గాలి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద డొక్క లోపలికి గుంజుకుపోతోంది. కాలి వేలికి తగిలించిన ఆక్సీమీటర్ 88 చూపుతోంది. డ్యూటీ డాక్టర్‌కు కబురు, ముక్కుకు ఆక్సిజన్.

నన్ను అబ్బురపరిచేది ఆ తర్వాతి పని. గంటకు లెక్క 36కు దిగుతుంది. తల్లి ఊపిరి పీల్చుకుంటుంది. సిస్టర్ ముఖంలో మాత్రం ఇంకా బిగువు సడలదు. తేరుకున్న బిడ్డ ఊపిరీ తగ్గుతుంది, ఎగపీల్చి ఎగపీల్చి సొమ్మసిల్లిన బిడ్డ ఊపిరీ తగ్గుతుంది. అంకె చూస్తే తేడా తెలియదు. అందుకే అరికాలు గోకుతుంది. కళ్లు తెరిచి తల్లిని వెతుక్కుంటుందా? పెదవులు ఏ రంగులో ఉన్నాయి? గోరు నొక్కి వదిలితే ఎరుపు ఎంతసేపట్లో తిరిగొస్తోంది? బిడ్డ ఉలక్కపోతే, ఇంటివాళ్లు హాయిగా నిద్రపోయిందనుకునే ఆ క్షణానే ఆమె డాక్టర్‌ను పరుగున పిలుస్తుంది. ఈ పనితనానికి చేతులెత్తి మొక్కుతాను.

ఈ పాప కాలు లాక్కుని గట్టిగా ఏడుస్తుంది. దబీర్ అంటే పారశీకంలో లేఖరి. ఆ పేరున్న దర్వాజాకు దగ్గర్లోనే సిస్టర్ కేస్ షీట్ తీసి గంటా నిమిషాలతో సహా రాస్తుంది: ఊపిరి 36, మెలకువగా ఉంది, పెదవులు ఎర్రగా, పాలు రెండు గుక్కలు. పావుగంటకు మళ్లీ వచ్చి, గౌను పైకెత్తి, గడియారం వైపు చూస్తుంది.