తప్పు ఎక్కడుంది?

శంషాబాద్ విమానాశ్రయం గేట్ల దగ్గర తుపాకీతో నిలబడే సీఐఎస్‌ఎఫ్ కానిస్టేబుళ్లలో చాలామంది ఎస్సెస్సీ జీడీ పరీక్ష రాసి వచ్చినవాళ్లే. పదో తరగతి పాసైతే చాలు, ఆ పరీక్షకు దరఖాస్తు చేసుకోవచ్చు. 2024 నుంచి ప్రశ్నపత్రం తెలుగులోనూ ఇస్తున్నారు. ఈ మాట విని తండాల్లో, గూడేల్లో చాలామంది సంబరపడ్డారు. కానీ 80 ప్రశ్నల్లో చివరి 20 భాషకు సంబంధించినవి. అక్కడ ఇంగ్లీషో హిందీయో ఎంచుకోవాలి, తెలుగు లేదు. లంబాడీ, కోయ, గోండి, కొలామీల ఊసు అసలే లేదు. పరుగుపందెంలో ఎవరికీ తీసిపోని మన పిల్లలు ఈ 40 మార్కుల దగ్గర ఆగిపోతున్నారు.

ఆ ఇరవైలో వాక్యంలో తప్పు పట్టమనే ప్రశ్నలు మామూలుగా ఉంటాయి. వాటి కోసం బజారులో దొరికే గైడ్లను మేము ముందు వేసుకుని చూశాం. చాలావాటిలో కనిపించిన సలహా ఒకటే: చదివి చూడు, చెవికి ఏది సరిగ్గా వినబడితే అది గుర్తు పెట్టు. ఇంట్లో ఇంగ్లీషు విన్న పిల్లలకు ఆ సలహా పనికొస్తుంది. ఇంట్లో యాడి లంబాడీలో పిలిస్తే, బళ్లో తెలుగులో చదివే పిల్లవాడి చెవికి ఏ ఇంగ్లీషు వాక్యమైనా ఒకేలా వినబడుతుంది. సలహా అయిపోయాక గైడు నూటపాతిక రూల్స్ ఇచ్చి బట్టీ పట్టమంటుంది. రూలు ఎందుకు వచ్చిందో ఒక్క ముక్క చెప్పదు.

ఒక ప్రశ్న చూద్దాం. ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్.’ ఎయిర్‌పోర్టు కార్గోలో పనిచేసే మన పిల్లవాడు దీన్ని సరైన వాక్యమనే అంటాడు. అలా అనడానికి కారణం ఉంది. ‘రెండేళ్ల నుంచి ఇక్కడ పని చేస్తున్నాను’ అనే తెలుగు వాక్యంలో తప్పేమీ లేదు, దాన్నే అతడు మాటకు మాట ఇంగ్లీషులో పెట్టాడు. మనకు ‘2008 నుంచి’ అన్నా ‘నుంచే’, ‘రెండేళ్ల నుంచి’ అన్నా ‘నుంచే’. ఇంగ్లీషు ఈ రెండింటినీ విడదీస్తుంది. మొదలైన సమయం చెబితే ‘సిన్స్’, ఎంతకాలమో లెక్క చెబితే ‘ఫర్’. అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి మనం ‘చేస్తున్నాను’ అంటే, వాళ్లు ‘హ్యావ్ బీన్ వర్కింగ్’ అంటారు. ఈ తేడా బోర్డు మీద పక్కపక్కన రాసి చూపిస్తే పిల్లవాడు ఒక్క పూటలో పట్టుకుంటాడు. ‘డిస్కస్డ్ అబౌట్ ది మ్యాటర్’ కూడా అలా పుట్టిందే. ‘విషయం గురించి చర్చించారు’ అన్నదాంట్లోని ‘గురించి’ని ఇంగ్లీషులోకి మోసుకుపోయాం. అక్కడ దాని పని లేదు.

మన భాష అన్నిచోట్లా అడ్డం పడదు, సాయం చేసే చోట్లూ ఉన్నాయి. ‘వన్ ఆఫ్ ది బాయ్స్ హ్యావ్ కమ్’ అనే వాక్యం పరీక్షల్లో మళ్లీమళ్లీ కనబడుతుంది. ‘పిల్లల్లో ఒకడు వచ్చారు’ అని మన ఊళ్లో ఎవరైనా అంటారా? ‘వచ్చాడు’ అంటారు. క్రియ ఒకడితో కలుస్తుంది గానీ పిల్లలతో కలవదు. అంటే ఆ రూలు మన పిల్లలకు ముందే వచ్చు. ‘దో’ ఉన్న వాక్యంలో మళ్లీ ‘బట్’ రాకూడదనీ వచ్చు. ‘వాన పడినా పనికి పోయాడు’ అన్నాక మధ్యలో ‘కానీ’ ఎవరు పెడతారు? ఇంత వ్యాకరణం తెలిసిన పిల్లలను ‘బేసిక్స్ లేవు’ అని కొట్టిపారేసే కోచింగ్ మాటను మేము ఒప్పుకోం.

హిందీ సంగతి కూడా ఉపాధ్యాయులు ఆలోచించాలి. లంబాడీ రాజస్థానీకి దగ్గరి చుట్టం, తెలుగు కుటుంబానికి చెందింది కాదు. బళ్లో హిందీ చదవడం, రాయడం బాగా వచ్చిన లంబాడీ పిల్లలు ఇంగ్లీషే పెట్టుకోవాలన్న నియమం లేదు. పాత పేపర్లలో రెండు భాగాలూ ఒక్కోసారి రాయించి, దేంట్లో మార్కులు ఎక్కువొస్తే దాన్నే పెట్టించండి. కోయ, గోండి, కొలామీలు తెలుగులాగే ద్రావిడ భాషలు. ఆ ఇళ్ల పిల్లలకు హిందీతో ఈ చుట్టరికం లేదు కాబట్టి ఇదే లెక్క వాళ్లకు వర్తించదు.

బోడో, సంతాలీ 2003లో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోకి వెళ్లాయి. మన భాషలు ఇంకా బయటే ఉన్నాయి. ఆ కొట్లాట వేరే ఉంది, అది సాగాల్సిందే. ఈలోపు నోటిఫికేషన్లు ఆగవు. కాబట్టి పరీక్ష హాల్లోకి పోయే పిల్లలకు ఒక లెక్క: ప్రశ్నకు రెండు మార్కులు, 2024 పరీక్షలో తప్పుకు కోత పావు మార్కు. నాలుగు జవాబుల్లో రెండింటిని కారణంతో కొట్టేయగలిగితే మిగిలిన రెండింట్లో ఒకటి పెట్టేయండి, ఖాళీ వదలొద్దు. అయితే నోటిఫికేషన్‌లో ఆ కోత ఎంతో ప్రతిసారీ చూసుకోవాలి, అది ఇదివరకు మారింది.