ఉక్కుపట్టణము గీసిన భవిష్యత్తు

1995వ సంవత్సరము సెప్టెంబరు నెలాఖరున ఐరోపాలో ప్లేస్టేషన్ అను ఆటయంత్రము అంగళ్ళలోనికి వచ్చినపుడు, దానితోపాటు వెలువడిన ఆటలలో 'వైపౌట్' అను పందెపుటాట ఒకటి. నేలకు తగులక గాలిలో తేలుచు పరువెత్తు వాహనములతో 2052వ సంవత్సరమున జరుగునట్లు కల్పింపబడిన ఆ పందెమును నిర్మించినది లివర్‌పూల్ నగరమందలి సిగ్నోసిస్ సంస్థ. అందలి జట్టుల చిహ్నములను, అక్షరములను, పెట్టెమీది రూపమును తీర్చినది షెఫీల్డు నగరమందలి 'ది డిజైనర్స్ రిపబ్లిక్' అను చిత్రశాల. ఈ రెండు ఊళ్ళలో మొదటిది ఇంగ్లండులో పేరుమోసిన ఓడరేవు. రెండవది ఆ దేశమునకు ఉక్కుపట్టణము. 1913లో హారీ బ్రేర్లీ తుప్పుపట్టని ఉక్కును సాధించిన ఊరదియే. ఒకవైపు కర్మాగారపు పొగగొట్టములు, మరియొకవైపు రేవునకు పోవు గూడ్సుబండ్లు కన్నులయెదుట నుండగా విశాఖ చెంతనున్న దువ్వాడలో సంసారము సాగించుకొను నావంటివాడు ఈ రెండు ఊళ్ళ పేర్లను ఒక్కచోట చదివినపుడు, దూరపు చుట్టములెవరో మన యింటి ఆనవాలు అడుగుచు వీధిలోనికి వచ్చినట్లుగా మనస్సునకు కలిగిన చనువు ఇంతింతయని చెప్పరానిది.

గడచిన శతాబ్ది చివరను, ఈ శతాబ్ది మొదటను, అనగా ఇంచుమించుగా 1995 మొదలు 2003 వరకు వచ్చిన వీడియో గేములలో భవిష్యత్తునకు ఒక ప్రత్యేకమైన రూపముండెడిది. నిగనిగలాడు లోహము, లోపలి తీగలు కానవచ్చు ప్లాస్టిక్కు, నారింజరంగు, నిమ్మపచ్చ, మూలలు గుండ్రగా చెక్కిన అక్షరములు, గ్రహముల కక్ష్యలను తలపించు వలయములు, తెర అంచున చకచక మారిపోవు చిన్న అంకెలు, వీనియన్నిటికిని వెనుక యంత్రసంగీతపు లయ: ఇది ఆనాటివారి రేపు. నేటి యువకులు దీనిని 'వై టూ కే' శైలియని పిలుచుచు, తాము పుట్టకమునుపటి ఆ బొమ్మలను వెదకి వెదకి చూచుచున్నారు. వారి యభిరుచిని వట్టి ముచ్చటయని తీసివేయుటకు నాకు మనసొప్పదు. డ్రాయింగు ఆఫీసులో ట్రేసింగు కాగితముపై స్టెన్సిలు ఆనించి, ఇంకుపెన్నుతో ఒక్కొక్క అక్షరమును దింపుచు వయస్సు గడపినవాడను గావున, ఏ బొమ్మను చూచినను నా కన్ను ముందుగా దానిలోని అక్షరములపైకి పోవును. ఆ ఆటలలోని అక్షరములు ఎరిగినవాడు గీసినవి.

ఇయన్ ఆండర్సన్ అను ఆయన 1986లో ఆ చిత్రశాలను స్థాపించునాటికి షెఫీల్డులోని ఉక్కుమిల్లులు ఒకదానివెనుక నొకటి మూతపడుచుండెను. తరతరములుగా కొలిమినే నమ్ముకొన్న కుటుంబములు పనిలేక వీధినపడెను. ఆ పట్టణముననే 1989లో వార్ప్ అను సంగీతసంస్థ పుట్టి, యంత్రములు పలికించు సంగీతమునకు ప్రపంచమున పేరుతెచ్చెను. మన విశాఖలోనో, అదే కాలమున కథ తలక్రిందుగా నడచినది. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని నినదించి, ప్రాణములనుకూడ ఒడ్డి సాధించుకొన్న కర్మాగారమున 1990లో గోదావరి యను పేరుగల మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగినది. 1992 ఆగస్టు 1న ప్రధాని పి. వి. నరసింహారావు కర్మాగారమును జాతికి అంకితము చేసెను. అచ్చట కొలిమి చల్లారిన ఊరివారు కాగితముపై రేపటిని గీసికొనుచుండగా, ఇచ్చట మనము నిజముగానే కొలిమి రాజేసికొనుచుంటిమి. ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన పెట్టి చూచిననాటినుండి నాకు ఆ ఆటలలోని సౌందర్యము వేరుగా తోచుచున్నది.

ఏలయన, ఆ గీతలలో నాకు కనబడునది కార్ఖానా గోడ. క్రేను దూలముపై ఎన్ని టన్నులు ఎత్తవచ్చునో చెప్పు అంకె, ప్రమాదస్థలమున నలుపు పసుపు ఏటవాలు పట్టెలు, గొట్టములపై ద్రవము ప్రవహించు దిక్కును తెలుపు బాణపుగుర్తు, వీనినుండి పుట్టిన వంశమే అది. మన రేవునకు పోయి ఒక కంటెయినరు ప్రక్కను నిలిచి చూడుడు. నాలుగు అక్షరములు, ఆరు అంకెలు, చివర చిన్న చతురస్రములో బంధింపబడిన ఏడవ అంకె. మొదటి మూడక్షరములు యజమానివి. నాల్గవది పెట్టె యొక్క తరగతిని తెలుపును. ఆరు అంకెలు క్రమసంఖ్య. చతురస్రములోని అంకెమాత్రము తక్కినవానినన్నిటిని ఒక పద్ధతిలో లెక్కగట్టగా వచ్చు ఫలము, ఎవడైన ఒక్క అక్షరమును తప్పుగా వ్రాసికొన్నచో లెక్క కుదరక తప్పు బయటపడును. ఎవరిని మురిపించుటకును గీయబడని ఆ వరుసలో ఎంత పొంకమున్నదో! వైపౌట్ దారిప్రక్కల ప్రకటన పలకలపైనను, జట్టుల ముద్రలపైనను ఉన్నది ఈ పొంకమే. అందు ఒక జట్టు పేరు ఫీసార్. ఐరోపా పారిశ్రామిక విజ్ఞాన పరిశోధన సమాఖ్య యను అర్థమిచ్చు ఆంగ్లపదముల తొలి అక్షరములతో కూర్చిన పేరది. 2052లో ఆకాశమున పందెములాడువారిలో ఒకరు ప్రభుత్వరంగమునకు చెందినవారుగా ఊహింపబడుట, ఉక్కునగరము పరిసరములలో బ్రదుకువానికి ఎంత ఇంపుగానుండునో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక ఆ లోహకాంతి. హౌరా చెన్నై దారిలోని బండ్లనేకము విశాఖపట్నములోనికి పోయి ఇంజను మార్చుకొని వెనుదిరుగు శ్రమ లేకుండ దువ్వాడలోనే ఆగి సాగిపోవును గనుక, మా స్టేషనులో నిరీక్షించువానికి గూడ్సుబండ్లను పరిశీలించు తీరిక దొరకును. కప్పులేని వాగన్లపై వైర్‌రాడ్ కాయిల్స్ వరుసగా పేర్చియుండును. మిల్లునుండి ఎర్రగా వెలువడి, చల్లారి నీలిబూడిదరంగు తిరిగిన తీగచుట్ట, రెండు వానలకును ఉప్పుగాలికిని ఇటుకరంగు పట్టును. వ్రేలితో తాకినచో పొడి అంటును. చెక్కి సానబట్టినగాని, మేలిలోహపు పూతపెట్టినగాని మన యింటి ఉక్కు మెరయదు. గేములలోని ఉక్కు పుట్టుకతోనే మెరయుచుండుటకు కారణము వేరు. ఆకాశమును, నేలను, దీపములను ముందుగా ఒక చిన్న బొమ్మగా చిత్రించి, దానిని వస్తువుపై చుట్టి, చూచువాని దృష్టికోణమును బట్టి ఆ బొమ్మను జరుపుచుందురు. 1976లో బ్లిన్, న్యూవెల్ అను ఇరువురు అమెరికాలో ప్రకటించిన ఉపాయమిది. అంతకుముందే, ఇందిరాగాంధీ మన కర్మాగారమునకు శంకుస్థాపన చేసిన 1971వ సంవత్సరముననే, గురో అను ఫ్రెంచి యువకుడు త్రికోణపు మూడు మూలలకును రంగులిచ్చి నడిమి భాగమున వానిని క్రమక్రమముగా కలిపివేయు పద్ధతిని ప్రకటించెను. పలకలుపలకలుగానుండు వస్తువు నున్నగా కనబడుట దానివలననే. చుట్టిన బొమ్మలోని ఆకాశము ఆటలోని ఆకాశమే కానక్కరలేదు. ఎచ్చటను లేని యొక ఉదయమును ఆ లోహము ప్రతిఫలించుచుండును. ఆ లేని ఉదయమును అంత శ్రద్ధగా రంగులద్ది సిద్ధపరచిన చేతులకు నేను నమస్కరింతును.

ఆ యంత్రముల శక్తి ఎంత స్వల్పమో తెలిసికొన్నచో ఈ గౌరవము ఇనుమడించును. ప్లేస్టేషనునకు పనిచేయు స్మృతి రెండు మెగాబైట్లు, చిత్రములకు మరియొక మెగాబైటు. తెరపై సాధారణముగా అడ్డముగా 320, నిలువుగా 240 చుక్కలు. దూరమునుబట్టి చిత్రపటమును సరిగా కుదించు లెక్క దానికి చేతకాదు. కావున దగ్గరకు వచ్చిన గోడపై గీతలు వంకరపోవును, మూలలు ఒక చుక్కనుండి మరియొక చుక్కకు ఎగిరిపడుచు వణకును. ఇట్టిచోట ఫోటోవంటి సహజత్వమును కోరిన ఆటలు నేడు చూడ వికారముగా నున్నవి. చదునైన రంగు, బలమైన గీత, దూరమునుండియు చదువవచ్చు ముద్ర, వీనిని నమ్ముకొన్న ఆటలు నేటికిని చెక్కుచెదరలేదు. చవుకకాగితముపై అచ్చుకావలసిన బొమ్మను గీయువాడు సన్నగీతలను ముందే మానుకొన్నట్లుగా ఆ చిత్రకారులును చేసిరి. ఆ శైలి సగము ఆ యంత్రపు పరిమితి కన్న బిడ్డయే.

మా వీధిలో ఓడలపై పనిచేయువాని కుటుంబమొకటి యుండెడిది. వారియింట నేను మొదట చూచినది 1996లో వచ్చిన 'వైపౌట్ 2097'. దూరమునుండి చూచువానికి అది వేగమునకు సంబంధించిన ఆట; చేతబట్టినవానికి నిదానమునకు సంబంధించినది. కుడియెడమలకు వేరువేరు గాలిబ్రేకులుండును. మలుపు కంటబడకమునుపే ఆ ప్రక్క బ్రేకును సగము నొక్కి, ముక్కు తిరుగుచుండగా వదలి, వాహనము తన బరువుతో తాను జారుచున్నంతసేపు చేతులు కదల్పకుండ ఓర్చుకొనవలెను. తొందరపడి రెండవసారి నొక్కినచో తోక గోడను గీరును. మొదటి వైపౌట్‌లో గోడ తగిలినచో వాహనము దాదాపు నిలిచిపోయెడిది. రెండవదానిలో గీచుకొనుచునైనను సాగిపోవును, కాని కవచము అరుగును, దానిని నింపుకొనుటకు ప్రక్కదారి పట్టవలెను. దారులలో ఒకదానిపేరు సాగరమాత. నేపాళీయులు ఎవరెస్టునకు పెట్టుకొన్న పేరది. లివర్‌పూల్‌లో కూర్చుండినవారు మంచుకొండకు మన చెవికి తెలిసిన పేరునే ఉంచుట చూచి ఆనాడు నేనెంతయు ముచ్చటపడితిని.

రెండువేల సంవత్సరము సమీపించినకొలది ఈ ఆటలలో ఒకవిధమైన పండుగవాతావరణము ప్రవేశించినది. జపానునుండి 1998లో వచ్చిన 'రిడ్జ్ రేసర్ టైప్ 4' అను కార్ల పందెమునందు కథయంతయు 1999వ సంవత్సరపు పోటీలలో నడచి, కడపటి పందెము డిసెంబరు 31 రాత్రి జరుగును. అదే సమయమున మనవారి యిండ్లలో రెండువేల సంవత్సరమనగా వేరొక అర్థముండెను. సంవత్సరమును రెండంకెలతో వ్రాసికొన్న పాత ప్రోగ్రాములు 2000ను 1900గా భ్రమించునను భయము ప్రపంచమును పట్టుకొనగా, ఆ అంకెలను సరిదిద్దు పనిపై వేలకొలది తెలుగు యువకులు అమెరికాకు తరలిపోయిరి. 1998లో హైదరాబాదున సైబర్ టవర్స్ వెలసినది. గుండ్రని ఆ భవనము ఆనాటి ఏ గేములోనైనను నేపథ్యముగా ఇమిడిపోవును. అంతకుమునుపే, 1991లో సింగీతం శ్రీనివాసరావుగారు 'ఆదిత్య 369' చిత్రమున కాలయంత్రమును 2504వ సంవత్సరమునకు నడిపియుండిరి. కావున భవిష్యత్తును ఊహించుట మనకు కొత్త విద్య కాదు.

కొత్త విద్య కాని దానిని మనము గీతగా, అక్షరముగా నిలుపుకొనకపోవుటయే నాకు తీరని బాధ. గాజువాకలోను కూర్మన్నపాలెములోను నెట్ సెంటర్లు వెలసిన ఆ రోజులలో మా పిల్లలు 'క్వేక్ 3', 'అన్‌రియల్ టోర్నమెంట్' ఆటలను ఒకే గదిలో వరుసగా కూర్చుండి ఆడెడివారు. తెరలపై ఇనుప నడవలు, ఎర్రని దీపములు, కరిగిన లోహము. గోడకావల వారి తండ్రులు షిఫ్టు ముగించుకొని అదే రూపముగల చోటినుండి వచ్చుచుండిరి. ఆ రెంటిని కలిపి చూచిన చిత్రకారుడు మనలో బయలుదేరలేదు. షెఫీల్డువారు తమ ముద్రలలో జపాను లిపిని అలంకారముగా ఎంతో మక్కువతో వాడుకొనిరి. ఆ కాలపు రూపకల్పన కోరినది గుండ్రదనము. మన లిపియో, పుట్టుకతోనే గుండ్రనిది. 'ఠ'ను చూడుడు: వలయము, నడుమ చుక్క; గ్రహమును కక్ష్యయు. 'ల'లోని చుట్టు, 'అ' కడుపులోని మడత, తలకట్టు పైకి విసరు తీరు, వీనిని ఏకమందముగల గీతతో, మూలలను నున్నజేసి గీసినచో ఏ వాహనము ప్రక్కను నిలిపినను వన్నెతెచ్చును. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌వంటి మహాసంస్థకు హైదరాబాదున శాఖ యున్నది. అట్టి సంస్థలలో పనిచేయు మన పిల్లల నైపుణ్యమునందు నాకు సందేహము లేదు. విశాఖలో లిపిరచన నేర్చు యువకుడెవడైన ఒక పూట రేవులోను, ఒక పూట దువ్వాడ స్టేషనులోను గడపి, కాయిల్స్‌కు కట్టిన రేకుబిళ్ళలపై అంకెలు ఎట్లు గ్రుచ్చియున్నవో చూచి, తెలుగు అంకెలతో అటువంటి వరుసనొకదానిని గీసి చూపవలెనని నా కోరిక.

2001లో మిజుగుచి రూపొందించిన 'రెజ్' ఈ శైలికి శిఖరమని పలువురందురు. చిత్రకారుడు కాండిన్‌స్కీ స్ఫూర్తితో పుట్టిన ఆ ఆటలో గురిపెట్టి కొట్టిన ప్రతి దెబ్బయు సంగీతములో ఒక స్వరమగును. కంప్యూటరు గర్భమున తీగగీతలతో కట్టిన ఆ లోకమును నేను మెచ్చుకొందును, కాని దానిలో నా చేతికి తగులు ఇనుము లేదు. నా మనస్సున నిలిచినది ఆటకంటె చిన్న సంగతి. 2000వ సంవత్సరమున వచ్చిన ప్లేస్టేషన్ 2ను మీటనొక్కి మేల్కొల్పినపుడు, నీలిచీకటిలో స్తంభములు కొన్ని లేచి కనబడి మాయమగును. అవి అలంకారము కొరకు నిలిపినవి కావు. మెమరీ కార్డులో నమోదైన ఆటల చరిత్రనుబట్టి వాని సంఖ్యయు ఎత్తును మారుచుండును. కొత్త యంత్రమున ఆ స్థలము బయలు. ఆడినకొలది అచ్చట ఒక పట్టణము లేచును. ఎవరికిని చెప్పక, ఏ పుస్తకమునను ఆర్భాటము చేయక, కొన్ని క్షణముల దృశ్యములో ఇంత ఆలోచనను దాచియుంచిన పనివారిని తలచికొన్నపుడెల్ల నాకు మంచి వడ్రంగి తలుపు వెనుకప్రక్కను కూడ చిత్రికపట్టుట జ్ఞప్తికి వచ్చును.

సిగ్నోసిస్ వారసత్వముగల లివర్‌పూల్ కార్యశాలను 2012లో మూసివేసిరి. ఆటలు మిగిలినవి, వానిని చూడవలసిన తెరలు మాత్రము తరిగిపోవుచున్నవి. ఆ బొమ్మలన్నియు ట్యూబు టీవీల కొరకు గీయబడినవి. గాజువెనుక వెలుగుచుక్కలు ఒకదానిలోనికొకటి కొద్దిగా కరిగిపోవుటను చిత్రకారుడు లెక్కలోనికి తీసికొనెను. పలుచని నేటి తెరలపై అంచులు రంపపుపళ్ళుగా బయటపడి, గురో కలిపిన రంగులు మెట్లుమెట్లుగా విడిపోవును. గాజువాకలోని పాత సామాను దుకాణములలో ఇప్పటికిని పనిచేయు ట్యూబు టీవీలు తూకమునకు పోవుచున్నవి. దొరికినవారు ఇంటికి తెచ్చుకొనుడు. కొత్తగా మొదలుపెట్టువారు వైపౌట్ 2097లో ఫీసార్ వాహనమును ఎన్నుకొనుడు, అది చెప్పినమాట వినును. వేగపు తరగతులలో అన్నిటికంటె మెల్లనిదగు వెక్టర్‌ను, దారులలో టాలన్స్ రీచ్‌ను తీసికొని, మొదటి కొన్ని చుట్లు గెలుపుమాట మరచి, దారిప్రక్కనున్న అక్షరములను చదువుచు నడుపుడు.